టికెట్టు లేని చెంచాలు

చక్కెరమ్మ అన్నది ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు కాదు. పదకొండేళ్ళ కిందట బేకరీలో చేరిన కొత్తలో, క్రీములో తీపి చిటికెడు తగ్గినా పెరిగినా ఆమె నాలుక ఇట్టే పట్టేస్తోందని చూసి ఓనరుగారు పెట్టిన పేరు. అలాంటి చక్కెరమ్మకు కడుపుతో ఉండగా షుగరొచ్చిందని తెలిసిన రోజున బేకరీలో వాళ్ళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ తలలు వంచుకుని, అప్పటికే జల్లించిన పిండిని మళ్ళీ జల్లించడం మొదలుపెట్టారు. చివరికి ఆమే జాలిపడి, "పేరు సార్థకం చేసుకున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు" అంది. అప్పుడు నవ్వారు.

డాక్టరమ్మ కూడా పెద్దగా భయపెట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ఇలా వస్తుందని, కాన్పయ్యాక చాలామందికి పోతుందని, ఈ మూడు నెలలూ తిండి జాగ్రత్తగా చూసుకుంటే తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటారని చెప్పింది. పక్క గదిలో డైటీషియన్ ఒక కాగితమూ, వేలు గుచ్చి షుగరు చూసుకునే చిన్న మిషనూ చేతిలో పెట్టింది. రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి. పరగడుపున తొంభై ఐదు దాటకూడదు. తిన్న రెండు గంటలకు నూట ఇరవై దాటకూడదు. నోట్లో పెట్టుకున్న ప్రతిదీ పుస్తకంలో రాయాలి.

చక్కెరమ్మకు కొలతలంటే మహా ఇష్టం. పది గ్రాముల వెన్న తేడా వస్తే మొత్తం పిండి పక్కన పెట్టేసే మనిషి. ఆ సాయంత్రమే వంటింటి గట్టు మీదికి ఒక చిన్న త్రాసు వచ్చి కూర్చుంది. అన్నం కప్పు మీద గీత దాకానే. గీత పైన ఒక్క మెతుకు కనబడినా వెనక్కి వెళ్ళాల్సిందే. ఉడికించిన గుడ్డు, చిక్కుడు గింజలు, ఆకుకూర, కీర ముక్కలు, కప్పు పెరుగు. బంగాళాదుంపను గుమ్మం తొక్కనివ్వలేదు. అరటిపండు సగమే తినాలి. మిగతా సగం మొగుడు తింటుంటే ఆమె చూసే చూపుకు ఆ మానవుడికి పండు గొంతులో అడ్డం పడేది. అన్నం తిన్నాక పది నిమిషాలు నడవాలన్నారని, ముందు గదికీ వెనక గదికీ మధ్య గడియారం చూసుకుంటూ తిరిగేది.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెళ్ళాం తినకూడనివి తానూ ముట్టనని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగోరోజున అతని చొక్కా జేబులో బిస్కెట్ల పొడి దొరికింది. లిఫ్టు పైనుండే మిషను గదిలో కూర్చుని తింటున్నాడట. దొరకబుచ్చుకున్నది అతని తల్లి.

ఆవిడ గురించి కాస్త చెప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కొడుకూ కోడలూ తప్ప వీధి వీధంతా కండక్టరమ్మ అనే పిలుస్తుంది. టికెట్టు కొననివాణ్ణి వాడి మెడ వెనక నుంచి చూసి చెప్పేస్తానని ఆవిడ ధీమా. ఉద్యోగం వదిలింది గానీ పంచ్ వదల్లేదు. టికెట్టుకు బెజ్జం పెట్టే ఆ ఇనుప పంచ్ ఫ్రిజ్జు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. పాల చీటీ గానీ మందుల చీటీ గానీ, ఇంట్లోకి వచ్చిన ఏ కాగితమైనా ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివి, అంతా సరిగ్గా ఉందనుకుంటే టక్కుమని ఒక బెజ్జం పెడుతుంది. కొడుకు పెళ్ళి శుభలేఖకు కూడా తేదీ, వేళ సరిచూసి బెజ్జం పెట్టిందంటే ఇక చెప్పేదేముంది. బెజ్జం పడని కాగితం ఆ ఇంట్లో చెల్లదు.

షుగరు పుస్తకం కూడా దారం కట్టుకుని అదే మేకుకు చేరింది. రెండోరోజు పొద్దున్నే కండక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివింది.

"పరగడుపున ఎనభై ఎనిమిది. బావుంది. టిఫిన్ తిన్నాక నూట పన్నెండు. ఇదీ బావుంది. మధ్యాహ్నం నూట అరవై రెండు. ఏం తిన్నావమ్మాయ్ మధ్యాహ్నం?"

"రాశాను కదత్తయ్యా. కప్పు అన్నం, గుడ్డు, కీర, పెరుగు."

"అంతేనా?"

"అంతే."

కండక్టరమ్మ పంచ్ చేతిలోకి తీసుకుంది. పుస్తకం కేసి చూసింది, కోడలి కేసి చూసింది, పంచ్ తిరిగి మేకుకు తగిలించేసింది.

"ఎవరో టికెట్టు లేకుండా ఎక్కుతున్నారు" అని మాత్రం అంది.

ఆ మాట చక్కెరమ్మకు ఎక్కడో తగిలింది. మర్నాటి నుంచి ఇంకా పట్టుదలగా నోరు కట్టేసుకుంది. అన్నం గీత కిందికి దిగింది. బాదం గింజలు కూడా లెక్కపెట్టి రాసింది. అయినా మధ్యాహ్నం అంకె, ఎప్పుడో ఒక రోజు తప్ప, నూట యాభై కిందికి రానంటుంది. రాత్రిది కూడా నూట ముప్పై దగ్గర మొరాయిస్తుంది. రోజూ పొద్దున అత్తగారు పుస్తకం చదవడం, పంచ్ తీయడం, తగిలించేయడం. ఇరవై రోజులు, ఇరవై పేజీలు. ముందు పేజీ లెక్క తేలందే తర్వాతి పేజీకి బెజ్జం లేదన్నది ఆవిడ రూలు, అందుకని ఒక్కదానికీ బెజ్జం పడలేదు.

గురువారం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ ఇరవై పేజీలూ తిప్పింది.

"మీరు రాసిందంతా నిజమే అయితే, ఇది తిండితో లొంగేలా లేదమ్మా. ఇంకో రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం. కంగారు పడకండి, బిడ్డకు అదే మంచిది" అంది.

డాక్టరమ్మ మంచిగానే చెప్పింది. చక్కెరమ్మ చెవిలో మాత్రం 'నిజమే అయితే' అన్న ముక్క ఒక్కటే ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. పక్కన అత్తగారు ఉంది. ఆ బస్సు కండక్టరు వెనక తలుపు దగ్గర ఇద్దర్ని టికెట్టు కొట్టకుండా వదిలేశాడని ఆవిడ గమనించింది కూడా, కానీ ఆరోజు ఏమీ అనలేదు.

"నాకు సూదంటే భయం లేదత్తయ్యా" అంది చక్కెరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "రోజుకు నాలుగుసార్లు గుచ్చుకుంటున్నదాన్ని, ఇంకోటి ఎంత? కానీ నేను దొంగతనంగా తింటున్నానని ఆవిడా అనుకుంటోంది, మీరూ అనుకుంటున్నారు. రేపు బిడ్డకేదైనా అయితే, తల్లి నోరు కట్టుకోలేకపోయిందనేగా అందరూ అనేది?"

"నువ్వు అబద్ధమాడావని నేనన్నానా? లెక్క తేలలేదన్నాను."

"రెండూ ఒకటే."

కండక్టరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. అది అరుదు. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున ఆవిడ పుస్తకాన్ని మేకు నుంచి తీసి భోజనాల బల్ల మీద పరిచింది. రోజువారీగా చదవడం మానేసి, వారాల వారీగా చదివింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ రోజు ఏ బస్సు నిండుతుందో, ఏ రోజు ఖాళీగా పోతుందో చూసిన బుర్ర అది. పావుగంటలో కోడల్ని కేకేసింది.

"మంగళవారం మధ్యాహ్నం నూట పది. పోయిన మంగళవారం నూట ఎనిమిది. అంతకు ముందుది నూట పదమూడు. మంగళవారాల్లో మాత్రం నీ బస్సు సక్రమంగా నడుస్తోందేం?"

చక్కెరమ్మ వంగి చూసింది. నిజమే. రోజూ రాసింది తనే, ఎప్పుడూ గమనించలేదు.

"మంగళవారం బేకరీకి సెలవు కదత్తయ్యా."

"అయితే వాళ్ళెక్కే స్టాపు తెలిసింది."

చక్కెరమ్మకు ఒళ్ళు మండింది. "బేకరీలో నేను నీళ్ళు తప్ప ఏమీ ముట్టను! ఇంటి నుంచి పట్టుకెళ్ళిన అన్నం డబ్బా, నీళ్ళు, అంతే. కావాలంటే ఓనరుగార్ని అడగండి."

"నేనెవర్నీ అడగను. కూర్చుని చూస్తాను."

అన్నంత పనీ చేసింది. తొమ్మిదిన్నరకల్లా కాగితం టోపీ నెత్తిన పెట్టుకుని, బేకరీ వెనక గదిలో గిన్నెలు కడిగే తొట్టి పక్కన ఎత్తు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఓనరుగారు ఒకప్పుడు ఆవిడ బస్సులోనే రోజూ బడికి వెళ్ళిన మనిషి. ఆవిణ్ణి చూడగానే చెయ్యి దానంతట అదే పాసు కోసం జేబులోకి వెళ్ళింది.

గది నిండా వెన్న, వెనిల్లా వాసన. చక్కెరమ్మ జుట్టంతా టోపీలోకి దోపుకుని పనిలో పడింది. మిక్సరు గిన్నెలో వెన్న తెల్లబడేదాకా గిలక్కొట్టాలి, చక్కెర పొడి మూడు విడతలుగా వేయాలి, వేసిన ప్రతిసారీ చూసుకోవాలి. పక్కన డబ్బాలో చిన్న చెంచాలు యాభై దాకా ఉంటాయి. నోటికి తగిలిన చెంచా మళ్ళీ గిన్నెలోకి వెళ్ళకూడదన్నది ఆ బేకరీ రూలు. చెంచా తీయడం, క్రీము అంచున ముంచడం, నాలుక మీద పెట్టుకోవడం, కళ్ళు సగం మూయడం, చెంచాని నీళ్ళ బకెట్లో పడేయడం. చెయ్యి ఒక పక్క ఇది చేస్తూనే ఉంటుంది, నోరు ఇంకో పక్క మాట్లాడుతూనే ఉంటుంది. కుడిచెయ్యి ఏం చేస్తోందో ఆమెకే పట్టదు.

ఒంటిగంటకు డబ్బా తెరిచి కప్పు అన్నం, గుడ్డు, చిక్కుడు గింజలు తింది. పుస్తకంలో రాసింది. పది నిమిషాలు నడిచింది. "చూశారుగా?" అన్నట్టు అత్తగారి వైపు చూసింది. అత్తగారు తలూపింది. సాయంత్రం గిన్నెలు కడిగే వేళ దాకా ఆవిడ బల్ల దిగితే ఒట్టు.

గిన్నెలు కడిగే వేళ లేచి వెళ్ళి బకెట్టు ముందు కూర్చుంది.

"ఇవేమిటి?"

"చెంచాలు."

"దేనివి?"

"రుచి చూసినవి."

"అంటే తిన్నవి."

"అయ్యో, అత్తయ్యా! రుచి చూడ్డం వేరు, తినడం వేరు."

"అవునమ్మా, అది వేరే" అన్నారు ఓనరుగారు. ఓవెన్ దగ్గర రొట్టెలు తీస్తున్న మాస్టారు కూడా తల ఊపాడు. అందరూ మనస్ఫూర్తిగానే అన్నారు. దర్జీ సూదిలోకి దారం ఎక్కించడాన్ని కుట్టడం అనుకోనట్టే, ఆ గదిలో రుచి చూడ్డాన్ని తినడం అని ఎన్నడూ ఎవరూ అనుకోలేదు.

"ఉమ్మేస్తావా, మింగుతావా?"

"మింగకపోతే గొంతులో చివర మిగిలే తీపి ఎలా తెలుస్తుంది?" అంది చక్కెరమ్మ. అన్నాక ఆమె మొహంలో ఏదో మారింది.

కండక్టరమ్మ చెంచాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా పేర్చింది, నిండు బస్సులో తలలు లెక్కపెట్టినప్పటి గొంతుతో. నలభై ఒకటి. తర్వాత కోడలి చేతికి ఒక శుభ్రమైన చెంచా ఇచ్చింది. "రోజూ ఎంత తీస్తావో అంతే తీసి ఈ గిన్నెలో వెయ్యి. నలభై ఒక్కసార్లు."

మొదటి పదిసార్లూ గిన్నె అడుగున మరక లాగే ఉంది. ఇరవై దాటాక అడుగు కనబడలేదు. నలభై ఒకటో చెంచా వేసేసరికి ఓనరుగారు గిన్నె తీసుకెళ్ళి త్రాసు మీద పెట్టారు. గిన్నె బరువు పోను నూట అరవై నాలుగు గ్రాములు.

"అందులో సగం చక్కెర" అన్నారు మెల్లగా. ఆ మాట ఆయన చెప్పక్కర్లేదు. ఆ కొలత రోజూ వేసేది చక్కెరమ్మే.

చక్కెరమ్మ పిండి బస్తా మీద చతికిలబడింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. గీత మీద ఒక్క మెతుకుంటే తీసేసిన మనిషి, సగం అరటిపండు కోసం మొగుణ్ణి కళ్ళతో కాల్చేసిన మనిషి, రోజూ ఇంత గిన్నెడు తింటోంది. సిగ్గేసింది. బిడ్డను తలుచుకుంటే భయమూ వేసింది. ఆ వెనకే, పెద్ద మూట దించుకున్నట్టు హాయిగా కూడా అనిపించింది.

"నేను అబద్ధం రాయలేదత్తయ్యా."

"లేదు."

"కానీ తిన్నాను."

"సుబ్బరంగా తిన్నావు."

చక్కెరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది, మధ్యలో కాస్త ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఆ రోజు పేజీలో చిట్టచివర స్పష్టంగా రాసింది: క్రీము, నలభై ఒక్క చెంచాలు.

కారణం దొరికింది, బావుంది. మరి రేపటి నుంచి క్రీము రుచి చూసేదెవరు? ఓనరుగారు ఏది పెట్టినా బ్రహ్మాండం అంటారు. ఓవెన్ మాస్టారు తీపి చూడలేడు, వేడి మాత్రమే చూడగలడు. మొగుడు సాయం చేస్తానని ఉత్సాహంగా వచ్చి, రుచి చూడమన్న గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉంటే చెప్పగలను" అన్నాడు. అతన్ని లిఫ్టుల దగ్గరికి పంపేశారు.

"నాకియ్యి" అంది కండక్టరమ్మ. ఆవిడకు షుగరు లేదని పోయిన నెలే పరీక్షలో తేలింది. అయినా చెంచా మొనకు అంటినంతే తీసుకుంది.

"ఎలా ఉంది?"

"బావుంది."

చక్కెరమ్మ కావాలని ఇంకో గుప్పెడు చక్కెర పొడి వేసింది.

"ఇప్పుడు?"

"బావుంది."

ఓనరుగారు తల పట్టుకున్నారు. చక్కెరమ్మ మాత్రం అత్తగారి మొహం వైపే చూస్తోంది. రెండోసారి బావుందన్నప్పుడు ఎడమ కనుబొమ్మ ఒక్క పిసరు పైకి లేచింది. తీపి తగ్గించి ఇంకో గిన్నె కలిపి ఇచ్చింది. ఈసారి కూడా బావుందంది గానీ, పెదవులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. సరైన పాళ్ళలో కలిపింది ఇచ్చినప్పుడు కనుబొమ్మ లేవలేదు, పెదవి కదల్లేదు. చెయ్యి మాత్రం మెల్లగా నడుం దగ్గరికి, ఒకప్పుడు టికెట్ల సంచీ వేలాడిన చోటికి వెళ్ళింది. మనిషి ఎక్కాడు, టికెట్టు చింపి ఇవ్వాలి అన్నట్టు.

"దొరికింది! ఓనరుగారూ, ఇక ఫరవాలేదు" అని అరిచింది చక్కెరమ్మ.

అప్పటి నుంచి ఆ బేకరీలో క్రీము అత్తగారి మొహం చూసి కలిపారు. కనుబొమ్మ లేస్తే వెన్న, పెదవి బిగిస్తే చక్కెర, చెయ్యి నడుం మీదికెళితే మిక్సరు ఆపెయ్. రోజుకు రెండు గంటలు కండక్టరమ్మ డ్యూటీ. చక్కెరమ్మ నోటికి పల్చటి గుడ్డ కట్టుకుని పనిచేసింది. ఎవరి మీదా నమ్మకం లేక కాదు, తన కుడిచేతి మీద లేక. మొదటి మూడు రోజుల్లో ఆ చెయ్యి పన్నెండుసార్లు చెంచా పట్టుకుని గుడ్డకు కొట్టుకుంది. మొహమంతా క్రీము పూసుకుని నవ్వుకుంది.

అయిదోరోజు బేకరీలో పని చేసుకుంటూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇంట్లో నా కూర తిన్నప్పుడు కూడా మీ కనుబొమ్మ ఇలాగే లేస్తుంది."

కండక్టరమ్మ కిటికీ వైపు చూసింది.

"ఉప్పెక్కువవుతోందా?"

"కొంచెం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడేళ్ళ నుంచి" అంది ఆవిడ. "కొత్తగా కాపురానికొచ్చిన పిల్లవి, మొదటిరోజు బావుందనేశాను. తర్వాత మాట మార్చడం బావుండదని ఊరుకున్నాను."

"అంటే ఏడేళ్ళు మీరే టికెట్టు లేకుండా ప్రయాణం చేశారన్నమాట!"

కండక్టరమ్మ జీవితంలో ఆ మాట ఎదుటివాళ్ళను అనడమే తప్ప పడటం ఎరగదు.  కాగితం టోపీ కిందికి జారేలా నవ్వింది.

రెండు వారాలు గడిచాయి. గురువారం డాక్టరమ్మ పుస్తకం తిప్పుతూ, నలభై ఒక్క చెంచాల పేజీ దగ్గర ఆగి రెండుసార్లు చదివింది. ఆ తర్వాతి పేజీల్లో మధ్యాహ్నం నూట పద్నాలుగు, నూట తొమ్మిది, నూట పదహారు. రాత్రివి కూడా దారికొచ్చాయి. బిడ్డ బరువు ఉండాల్సినంతే ఉంది.

"ఇప్పటికి ఇన్సులిన్ అక్కర్లేదు. ఇలాగే రాస్తూ ఉండండి" అని, దాన్ని తిరిగి చేతికిస్తూ, "ఇంత నిజాయితీగా రాసిన పుస్తకం నేను చూళ్ళేదమ్మా" అంది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఎండ పడుతోంది. చక్కెరమ్మ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. కండక్టరమ్మ చెప్పులైనా విప్పకుండా ఫ్రిజ్జు దగ్గరికెళ్ళి పంచ్ తీసింది. పుస్తకం బల్ల మీద పెట్టి, ఈ రెండు వారాల పేజీలకూ వరసగా బెజ్జాలు పెట్టింది. టక్. టక్. టక్. చక్కెరమ్మ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింది. ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న చప్పుడు.

చప్పుడు ఆగలేదు. కళ్ళు తెరిచి చూస్తే, అత్తగారు పుస్తకాన్ని మొదటికంటా తిప్పి పాత పేజీల మీద పడింది. నూట అరవై రెండు. టక్. నూట యాభై ఎనిమిది. టక్.

"అవెందుకత్తయ్యా? అవి లెక్క తేలనివి కదా."

"నీకు తెలిసింది తెలిసినట్టు రాశావు. అంకె పెరిగితే పెరిగినట్టే రాశావు, ఒక్కటీ దిద్దలేదు. ఎక్కడ ఎక్కుతున్నారో చూడాల్సినదాన్ని నేను. అది చూడకుండా ఇరవై రోజులు నిన్ను అనుమానించాను." తలెత్తకుండానే అంది. "తప్పు నాది తల్లీ."

ఏడేళ్ళలో ఆవిడ నోట తప్పు నాది అన్న మాట చక్కెరమ్మ వినలేదు. అత్తగారి మొహం చూసింది. కనుబొమ్మ లేవలేదు, పెదవి బిగియలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

చక్కెరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, పేజీ ఒకటొకటిగా తిప్పుతూ ఆవిడ చేతి కిందికి పెట్టింది. కాగితం చుక్కలు బల్ల మీదా, ఆమె కడుపు మీదా రాలుతున్నాయి. ఇరవయ్యో పేజీకి టక్కుమనగానే లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. కడుపు మీది చుక్కలు ఎగిరిపడ్డాయి.

కండక్టరమ్మ పంచ్ పక్కన పెట్టి, ఆ తన్నిన చోట అరచెయ్యి ఆనించింది.

"ఆగాగు" అంది. "నీ స్టాపు రావడానికి ఇంకా రెండు నెలలుంది."